లైటు ఆరితే కరెంటు పోయినట్టు కాదు: ఇంట్లో స్విచ్ మార్చే పద్ధతి

ఈ ఎపిసోడ్‌లో చాలా చిన్న పని గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో లైటు స్విచ్ పాడైతే మార్చడం. మామూలు స్విచ్ ఖరీదు చూస్తే ఇద్దరు టీ, సమోసా తిన్నంత. పని పావుగంట. ఇంత చిన్న పనికి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే "సాయంత్రం వస్తా" అంటాడు. ఆ సాయంత్రం వారం తర్వాత వస్తుంది. అందుకని మనవాళ్లు ఫోన్‌లో ఒక వీడియో చూసేసి, స్క్రూ డ్రైవర్ పట్టుకుని స్టూలు ఎక్కేస్తున్నారు.

చెయ్యొద్దని చెప్పడానికి రాలేదు నేను. చెయ్యండి. కానీ స్క్రూ ఎలా విప్పాలి, ఎలా బిగించాలి అనేది ఈ పనిలో తేలిక భాగం. అసలు పని దానికంటే ముందుంది. చెయ్యి పెట్టబోయే వైరులో కరెంటు లేదని రుజువు చేసుకోవడం. "లేదనుకున్నా" వేరు, "లేదని చూసుకున్నా" వేరు. మన దేశంలో కరెంటు షాక్‌తో ఏటా వేలమంది చనిపోతున్నారు. ఆ రెండు మాటల మధ్య తేడా అంత పెద్దది. ఈ వీడియోలో సగం దాని గురించే ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక డౌటు తీర్చేస్తా. "లైసెన్సు లేకుండా మనం చెయ్యొచ్చా?" అని. ఇంట్లో వైరింగ్ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించాలని మన దేశంలో రూలు ఉంది. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనే ఉన్న రూలు ఇది. కానీ అందులోనే ఒక మినహాయింపు పెట్టారు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ లాంటివి పాడైతే, కెపాసిటీ మారకుండా, ఉన్నదాని స్థానంలో అలాంటిదే పెట్టడానికి ఆ లైసెన్సు అక్కర్లేదు. అంటే 6 యాంపియర్ల లైటు స్విచ్ తీసి 6 యాంపియర్లదే పెట్టొచ్చు. కొత్త పాయింటు లాగడం, గీజరుకి కొత్త లైను వెయ్యడం మన పని కాదు. అద్దె ఇల్లయితే ఓనర్ గారికి ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

సరే, స్విచ్ పాడైందని ఎలా తెలుస్తుంది? నాలుగు గుర్తులు. నొక్కితే లోపల చిటపటమని శబ్దం. మూడు నాలుగు సార్లు కొడితే గాని లైటు వెలగకపోవడం. ప్లాస్టిక్ కాలిన వాసన, లేదా స్విచ్ మీద గోధుమరంగు మచ్చ. చేత్తో ముట్టుకుంటే వేడి. చివరి రెండూ ఉంటే ఆ స్విచ్ ఇంక వాడకండి. ఆ బోర్డు తాలూకు కరెంటు ఆపేసి అప్పుడు ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయం. స్విచ్ ఏం చేస్తుందో ఒకసారి చూద్దాం. మన ఇంటికి 230 వోల్టుల కరెంటు వస్తుంది. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. ఫేజు వైరు బోర్డులోకి వచ్చి స్విచ్ ఒక కాలుకి తగులుతుంది. రెండో కాలు నుంచి వైరు లైటుకి పోతుంది. న్యూట్రల్ లైటు దగ్గరికి విడిగా పోతుంది, లైటు స్విచ్‌లోకి రాదు. స్విచ్ వేస్తే ఆ రెండు కాళ్లూ కలుస్తాయి, ఆపితే విడిపోతాయి. అంతే.

మరి స్విచ్ ఆపినప్పుడు ఆ మొదటి కాలు సంగతేంటి? అక్కడ 230 వోల్టులు అలాగే ఉన్నాయి. ఎటూ పోలేదు. లైటు ఆరింది కదా అని ప్లేటు విప్పి చెయ్యి పెడితే నేరుగా దానిమీదే పడుతుంది. మొదటి అబద్ధం అక్కడే. లైటు ఆరితే లైటుకి కరెంటు పోయినట్టు, బోర్డుకి పోయినట్టు కాదు.

రెండో అబద్ధం, కరెంటు కోత. "ఎలాగూ కరెంటు పోయింది కదా, ఈలోగా మార్చేద్దాం" అనుకుంటారు. పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలీదు. మీ చేతిలో వైరు ఉండగా వస్తే? కోత సమయంలో కూడా మెయిన్ ఆపకుండా బోర్డు తెరవద్దు.

మూడోది, ఇన్వర్టరు. ఇది మన ఇళ్లలో బాగా ఎక్కువ. మెయిన్ ఆపేస్తారు, ఇల్లంతా చీకటి అవ్వాలి కదా? రెండు లైట్లు, ఒక ఫ్యాను తిరుగుతూనే ఉంటాయి. ఆ లైటు బోర్డుల్లో బ్యాటరీ నుంచి 230 వోల్టులు వస్తున్నాయి. బ్యాటరీ 12 వోల్టులే కదా అనుకోకండి. ఇన్వర్టరు దాన్ని మామూలు కరెంటంత చేసే పంపిస్తుంది. కాబట్టి మెయిన్ ఆపాలి, ఆ తర్వాత ఇన్వర్టరు బటను కూడా ఆపాలి. రెండూ. మెయిన్ ఉండగా ఒక్క ఇన్వర్టరు బటను ఆపితే చాలదు, చాలా ఇన్వర్టర్లు అప్పుడు మెయిన్ కరెంటుని నేరుగా లోపలికి పంపిస్తాయి. ఇంటి మీద బ్యాటరీతో నడిచే సోలార్ సిస్టం ఉంటే మాత్రం ఈ పని మీరు చెయ్యకండి, తెలిసినవాళ్లని పిలవండి.

నాలుగోది, గది ఎంసీబీ. బాక్సులో వరసగా చిన్న చిన్న ఎంసీబీలు ఉంటాయి. ఒకటి కిందకి దించితే మన గది లైటు ఆరింది. బాగుంది. కానీ ఆ ఎంసీబీ ఒక్క వైరునే ఆపుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఎవరో ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసి ఉంటే, అది న్యూట్రల్‌ని ఆపుతుంది, ఫేజు అలాగే బతికుంటుంది. లైటు మాత్రం ఆరిపోతుంది. ఇంకోటి, ఒకే బోర్డులో లైట్లు ఒక ఎంసీబీ మీద, ప్లగ్గు ఇంకో ఎంసీబీ మీద ఉండొచ్చు. మీరు మార్చే స్విచ్ చచ్చినా, దాని పక్క స్విచ్ బతికే ఉంటుంది. అందుకే బాక్సులో అన్నిటికన్నా వెడల్పుగా ఉండే మెయిన్ స్విచ్‌నే ఆపండి. అది ఫేజు, న్యూట్రల్ రెండిటినీ కోస్తుంది.

"ఎంసీబీ ఉంది కదన్నా, షాక్ కొడితే అదే పడిపోతుంది" అని కొందరు ధైర్యంగా ఉంటారు. లెక్క చూద్దాం. మనిషి ఒంటి నిరోధం చెమట చేతులతో సుమారు 1000 ఓమ్‌లు అనుకుందాం. 230 వోల్టులకి ఒంట్లో పారేది 0.23 యాంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలా ఎక్కువ. మరి ఎంసీబీ ఎంతకి పడుతుంది? లైట్ల ఎంసీబీ 6 యాంపియర్లు దాటితే. అంటే షాక్ కొడుతున్నంతసేపూ ఎంసీబీ దృష్టిలో మీరొక 50 వాట్ల బల్బు. ఇంట్లో ఇంకో బల్బు వెలిగిందనుకుని ఊరుకుంటుంది. ఎంసీబీ పెట్టింది వైరు కాలకుండా కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు.

మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. దానిమీద టెస్ట్ అని చిన్న బటను ఉంటుంది. 30 మిల్లీ యాంపియర్లు నేలలోకి లీకైతే అది పడిపోతుంది. మంచిదే, పెట్టించుకోండి. కానీ ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అదీ మీ విషయంలో ఏం చెయ్యలేదు. కరెంటు నేలలోకి పోవట్లేదు కదా, వచ్చిన దారినే వెనక్కి పోతోంది. రబ్బరు చెప్పులు, చెక్క స్టూలు కూడా ఆ సమయంలో ఎందుకూ పనికిరావు.

మరి కరెంటు లేదని తేల్చేదెలా? టెస్టరు. కానీ టెస్టరు కూడా అబద్ధం ఆడుతుంది. దాని లోపల చిన్న నియాన్ దీపం, ఒక పెద్ద రెసిస్టరు ఉంటాయి. మొన నుంచి వచ్చిన కరెంటు చాలా కొద్దిగా దీపం గుండా, మీ వేలి గుండా నేలలోకి పోతే దీపం వెలుగుతుంది. కాబట్టి వెనక ఉన్న లోహపు బిళ్ల మీద వేలు పెట్టాల్సిందే. మొన దగ్గర ఉన్న లోహాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఇప్పుడు టెస్టరు పాడైందనుకోండి. వెలగదు. ఎండ పడుతున్న చోట పెట్టారనుకోండి. వెలిగినా కనపడదు. ప్లాస్టిక్ కుర్చీ మీద మందపాటి చెప్పులతో నిలబడ్డారనుకోండి. మసగ్గా వెలుగుతుంది. అన్నిట్లోనూ మనకి అర్థమయ్యేది ఒకటే: "కరెంటు లేదు." ఉంది!

దీనికి ఎలక్ట్రీషియన్లు పాటించే మంచి పద్ధతి ఒకటుంది. మూడు మెట్లు. మొదటిది, కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టరు పెట్టి వెలుగుతోందో లేదో చూడటం. మన ప్లగ్గుల్లో పెద్ద ఎర్తు రంధ్రం పైన ఉంటే, ఎదురుగా నిలబడి చూసినప్పుడు కుడివైపుది ఫేజు. స్విచ్ వేసి అందులో పెట్టండి. రెండోది, కరెంటు ఆపాక మీరు పనిచేసే చోట చూడటం. వెలగకూడదు. మూడోది, అదే టెస్టరుని మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడటం. మళ్లీ వెలగాలి. అప్పుడే మధ్యలో వెలగకపోవడానికి కారణం కరెంటు లేకపోవడమే, టెస్టరు చచ్చిపోవడం కాదు అని తేలుతుంది. "మెయిన్ ఆపేశాం కదా, ఇంట్లో కరెంటున్న చోటు ఎక్కడ దొరుకుతుంది?" అంటారేమో. పక్క పోర్షన్‌కి వెళ్లండి, కింద ఓనర్ గారింట్లో ప్లగ్గు చూడండి. రెండు నిమిషాలు. వాళ్లు ఏమైనా అనుకుంటే అనుకోనీండి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు షాపు. లైటుకి, ఫ్యానుకి 6 యాంపియర్ల స్విచ్. ఐఎస్ఐ మార్కు ఉందో లేదో చూసుకోండి. మాడ్యులర్ స్విచ్‌లు ఒక కంపెనీవి ఇంకో కంపెనీ ప్లేటులో సరిగ్గా కూర్చోవు. అందుకని మీ ప్లేటు మీద పేరు చూసి, ఫోన్‌లో ఫొటో తీసి షాపులో చూపించండి. వెనక రెండు కాళ్లుంటే వన్‌వే, మూడుంటే టూవే. మెట్ల దగ్గర పైనా కిందా వేసుకునేది టూవే. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. గీజరు, ఏసీ స్విచ్‌ల జోలికి కూడా. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 యాంపియర్లు లాగుతుంది. దానికి 6 యాంపియర్ల స్విచ్ పెడితే కరిగిపోతుంది.

పగటిపూట పెట్టుకోండి, కిటికీ వెలుతురులో. ఒంటరిగా ఉన్నప్పుడు వద్దు, ఇంట్లో ఒక మనిషి ఉండాలి. అమ్మో, నాన్నో, రూమ్మేటో ఎవరైనా సరే. వాళ్లకి మెయిన్ ఎక్కడుందో చూపించండి. చేతులు, నేల పొడిగా ఉండాలి. ఉంగరం, బ్రాస్‌లెట్ తీసెయ్యండి. కంప్యూటరు, టీవీ ముందే ఆపేసి పెట్టండి.

టెస్టరుని ప్లగ్గులో చూశారు, వెలిగింది. మెయిన్ ఆపారు, ఇన్వర్టరు ఆపారు. బాక్సు మీద ఒక కాగితం అతికించండి: "పని జరుగుతోంది, వెయ్యొద్దు." ఫ్యాను ఆగిందని ఎవరో వచ్చి మెయిన్ వేసేస్తారు, పాపం వాళ్లకి తెలీదు కదా. పాత పింగాణీ ఫ్యూజులున్న ఇల్లయితే, మెయిన్ ఆపాక ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. మీ జేబులోంచి తీసి ఎవరూ పెట్టలేరు.

ఇప్పుడు బోర్డు తెరవండి. మాడ్యులర్ అయితే పై ప్లేటు క్లిప్పుల మీద ఉంటుంది, అంచు దగ్గర మెల్లగా లేపితే వచ్చేస్తుంది. లోపలి ఫ్రేముకి రెండు స్క్రూలు. పాత రకం బోర్డయితే నాలుగు మూలల స్క్రూలు విప్పి, షీటుని ముందుకి వంచాలి. ఇంకా వైర్లు ముట్టుకోవద్దు. టెస్టరుతో ప్రతి స్విచ్‌కీ, ప్రతి స్క్రూకీ, ప్లగ్గు వెనక కూడా చూడండి. మీరు మార్చే స్విచ్ ఒక్కటే చూస్తే చాలదు. ఎక్కడా వెలగలేదా? పక్కింటికి వెళ్లి టెస్టరుని మళ్లీ పరీక్షించి రండి. ఎక్కడైనా వెలిగిందా, సన్నగా అయినా సరే? మూసెయ్యండి. ఆ రోజుకి పని అయిపోయింది, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యండి.

తర్వాత మీ ఫోన్ తీసి లోపల ఫొటోలు తీయండి. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కోటి. ఏ వైరు ఏ కాలుకి ఉందో స్పష్టంగా కనపడాలి. రంగుల్ని నమ్మొద్దు. పద్ధతి ప్రకారం ఫేజు ఎరుపు, పసుపు లేదా నీలం, న్యూట్రల్ నలుపు, ఎర్తు ఆకుపచ్చ. కానీ ఆరోజు చేతిలో ఏ రంగు వైరు మిగిలితే అది లాగేసిన ఇళ్లు బోలెడు.

ఫొటోలో ఒక సంగతి గమనిస్తారు. స్విచ్ ఒక కాలుకి రెండు వైర్లు కలిపి ఉండొచ్చు. ఒకటి ఫేజు తెచ్చేది, రెండోది అక్కడ నుంచి పక్క స్విచ్‌కి ఫేజు ఇచ్చేది. దీన్ని లూపింగ్ అంటారు. కొత్త స్విచ్‌లో కూడా ఆ రెండూ ఒకే కాలులోకే వెళ్లాలి. ఒకటి వదిలేస్తే పక్క స్విచ్‌లన్నీ పనిచెయ్యవు. ఒక్కో వైరూ పాత స్విచ్ నుంచి తీసి వెంటనే కొత్త స్విచ్‌లో అదే చోట పెట్టండి. అన్నీ ఒకేసారి పీకేసి తర్వాత గుర్తు తెచ్చుకుందామంటే కుదరదు. ముఖ్యంగా, ప్లగ్గు కోసం బోర్డులోకి వచ్చిన న్యూట్రల్ వైరుని పొరపాటున కూడా లైటు స్విచ్‌లో పెట్టకూడదు. ఒక కాలుకి ఫేజు, ఇంకో కాలుకి న్యూట్రల్ పెట్టి స్విచ్ వేస్తే నేరుగా షార్టు, మొహం ముందే మంట.

వైరు చివర నల్లబడి ఉంటే ఆ ముక్క కత్తిరించి, సుమారు ఒక సెంటీమీటరు మేర తొడుగు తియ్యండి. రాగి పోగుల్ని గట్టిగా మెలితిప్పండి, ఒక్క పోగు కూడా బయట వేలాడకూడదు. కాలు లోపలికి పూర్తిగా దూర్చి స్క్రూ బిగించండి. స్క్రూ రాగిని పట్టుకోవాలి, ప్లాస్టిక్ తొడుగుని కాదు. అలాగని బయట రాగి కనపడకూడదు. తర్వాత ప్రతి వైరుని ఒకసారి లాగి చూడండి. ఊడొస్తే మళ్లీ బిగించండి. లూజు కనెక్షన్ దగ్గర నిరోధం పెరిగి వేడి పుడుతుంది. చాలా స్విచ్‌లు కాలిపోవడానికి కారణం స్విచ్ కాదు, ఈ లూజు స్క్రూయే.

లోపల ఇవి కనపడితే మాత్రం ఆపెయ్యండి: తెల్లగా ఉన్న పాత అల్యూమినియం వైర్లు, ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయే తొడుగు, లోపలిదాకా కాలిన నలుపు, గోడలో చెమ్మ, మీకు అర్థం కానన్ని వైర్లు. ఇవి స్విచ్ మారిస్తే పోయే జబ్బులు కావు. ఆపెయ్యడం చేతకానితనం కాదు, తెలివి.

అంతా అయ్యాక వైర్లు నలగకుండా లోపలికి సర్ది, ప్లేటు పూర్తిగా మూశాకే మెయిన్ వెయ్యండి. ప్లేటు లేకుండా "ఒకసారి వేసి చూద్దాం" వద్దు. బోర్డుకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడి స్విచ్ వెయ్యండి. లైటు వెలగాలి, ఆపితే ఆరాలి, పక్క స్విచ్‌లూ పనిచెయ్యాలి. ఎంసీబీ పడిపోతే మళ్లీ మళ్లీ లేపకండి. మెయిన్ ఆపి, ఫొటోతో పోల్చి చూసుకోండి. అరగంట తర్వాత స్విచ్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడి తెలియకూడదు.

ఇంత చెప్పాక కూడా ఒక మాట తప్పదు. ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే, ఆయన్ని పట్టుకుని లాగకండి, మీరూ అతుక్కుంటారు. ముందు మెయిన్ ఆపండి. అది వీలుకాకపోతే పొడి కర్రతో, ప్లాస్టిక్ కుర్చీతో దూరంగా నెట్టండి. 108కి ఫోన్ చెయ్యండి. మనిషి పలక్కుండా, ఊపిరి తీసుకోకుండా ఉంటే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూ ఉండండి. ఫోన్ స్పీకర్లో పెడితే అవతలివాళ్లు చెబుతూ ఉంటారు.

ఇప్పుడు మీకో పని. స్విచ్ పాడవ్వాల్సిన అవసరం లేదు, ఈ రోజే చెయ్యొచ్చు. వీడియో అయిపోగానే లేచి మీ ఇంట్లో మెయిన్ ఎక్కడుందో చూడండి. దాని ముందు పెట్టిన సైకిలు, పాత పేపర్లు, చెప్పుల స్టాండు తీసెయ్యండి. ఇంట్లోవాళ్లందరికీ చెప్పి ఒకసారి మెయిన్ ఆపండి. ఏ లైట్లు ఇంకా వెలుగుతున్నాయో చూడండి, అవి ఇన్వర్టరువి. ఏ ఎంసీబీ ఏ గదిదో ఒక్కొక్కటీ దించి చూసి, పక్కన స్టిక్కరు మీద రాయండి. మీ అమ్మగారి చేత, తాతగారి చేత కూడా ఒకసారి ఆపించండి. అవసరం వచ్చిన రోజు ఇంట్లో మీరు ఉండకపోవచ్చు. వాళ్లకి తెలిసి ఉండాలి.

ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్త.